భయమేస్తే చెప్పమన్న మా డాక్టరమ్మ

మా డాక్టరమ్మ పోయారు. పోయిన వారం విశాఖపట్నం నుంచి ఆవిడ మేనకోడలు ఫోన్ చేసి చెప్పింది. "అత్త మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చింది పిన్నీ. టీ ఇద్దామని లేపితే లేవలేదు. ఏ బాధా పడలేదు" అంది. ఫోన్ పెట్టేసి ముందు హమ్మయ్య అనుకున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. ఒక మనిషి పోయిందని వింటే హమ్మయ్య అనుకోవడమేమిటని మీకు అనిపించవచ్చు. కానీ వయసంతా ఇతరుల నొప్పుల పక్కన నిలబడి గడిపిన మనిషి తను మాత్రం నొప్పి ఎరగకుండా వెళ్ళిందంటే నా మనసుకి తోచింది అదే. ఆవిడైనా అదే మాట అనేవారు.

అరవయ్యో దశకం చివర్లో శృంగవరపుకోటకి కొద్ది దూరంలో ఒక ఊళ్ళో చిన్న ప్రసూతి ఆసుపత్రి ఉండేది. పెంకుల కప్పు, పొడుగాటి వరండా, లోపల నాలుగు ఇనుప మంచాలు, పక్కన కాన్పుల గది, బయట ఆసుపత్రిదే ఒక పాత జీపు. మంత్రసాని శిక్షణ పూర్తి చేసుకుని నేను మొదటిసారి ఉద్యోగంలో చేరింది అక్కడే. మా నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసేవాడు. చీర కుచ్చిళ్ళు కూడా సరిగా నిలబెట్టుకోవడం రాని వయసు నాది. పైన ఇద్దరు పెద్దవాళ్ళు. ఒకరు డాక్టరమ్మ, ఒకరు సిస్టరమ్మ.

సిస్టరమ్మది ఆమదాలవలస వైపు. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. చాలా కాలం ఆ ఆసుపత్రికి డాక్టరు లేకపోతే తనొక్కతే నడిపింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దాన్ని సిస్టరమ్మ ఆస్పత్రి అనే పిలిచేవారు. అలాంటి చోటికి విజయనగరం నుంచి బస్సులో, ఒక రేకు పెట్టెతో, డాక్టరమ్మ దిగారు. సన్నగా, ఎత్తుగా, ఎప్పుడూ ఎవరో తరుముతున్నట్టు నడిచేవారు. కాన్పుల గదిలోకి వెళ్ళే ముందు చేతి గడియారం విప్పి కొంగున ముడేసుకునేవారు. చేతులు మోచేతుల దాకా రుద్దుకుంటూ ఏదో కూనిరాగం తీసేవారు. ఆ రాగం ఆగిందంటే ఆవిడ ఆలోచనలో పడ్డారని అర్థం. మరమరాలంటే ప్రాణం. రోగులు లేని వేళల్లో వరండా మెట్ల మీద కూర్చుని పొట్లంలోంచి తింటూ, వచ్చే పోయే ఆడవాళ్ళని వాళ్ళ పిల్లల పేర్లతో సహా పలకరించేవారు.

వచ్చిన కొత్తలోనే ఇద్దరికీ పడలేదు. డాక్టరమ్మ బీరువాలో సామాను ఒక పద్ధతిలో సర్దితే సిస్టరమ్మ మర్నాడు మళ్ళీ పాత పద్ధతిలో పెట్టేది. కాన్పుల గదిలోకి అత్తగార్లు రాకూడదని డాక్టరమ్మ అన్నారు. సిస్టరమ్మ వాళ్ళని పెరటి గుమ్మంలోంచి రానిచ్చేది. ఇద్దరూ పనిలో దిట్టలే. అదే చిక్కు.

ఒక రోజు తొలిచూలు అమ్మాయికి నొప్పులు మందగించాయి. సెలైనులో నొప్పుల మందు కలిపి ఎక్కించమని డాక్టరమ్మ చెప్పారు. సిస్టరమ్మ కదల్లేదు.

"ఇప్పుడొద్దమ్మా. గుంట అలిసిపోయినాది. కూసేపు తొంగోనీండి. నొప్పులు ఆటంతటవే వస్తాయి."

"సిస్టర్, నేనడిగింది సెలైను. సలహా కాదు."

"సలహా కాదమ్మా. ఇన్నేళ్ళు సూసినదాన్ని, సెప్తన్నాను."

"అయితే మీరు బయటికి వెళ్ళండి. ఈ అమ్మాయి కడుతుంది."

గుమ్మం దగ్గర ఆ పిల్ల తల్లి, అత్త, ఆడబడుచు నిలబడి చూస్తున్నారు. సిస్టరమ్మ ఏప్రాను విప్పి మేకుకి తగిలించి బయటికి నడిచింది. నేనే సెలైను కట్టాను. పొద్దు వాలేలోపు చక్కని ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. మందు పనిచేసిందని డాక్టరమ్మ అనుకున్నారు. మందు లేకపోయినా పుట్టేదే, గండం తప్పిందని సిస్టరమ్మ అనుకుంది. ఎవరిది ఒప్పో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటలు లేవు.

డాక్టరమ్మ ఎదురుగా ఉండగానే సిస్టరమ్మ నాతో, "ఏటే పిల్లా, వేణ్ణీళ్ళు మరిగినాయని డాక్టరమ్మ గోరికి సెప్పు" అనేది. నేను రెండడుగులు వేసి, "మరిగాయటండీ" అనేదాన్ని. "కత్తెర కూడా అందులో వెయ్యమని చెప్పమ్మా" అనేవారు ఆవిడ. నేను వెనక్కి తిరిగి అదీ చెప్పేదాన్ని. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఇంటికెళ్ళినప్పుడు అమ్మకి అభినయం చేసి చూపించేదాన్ని. పోను పోను నవ్వు పోయింది. ఒకే మంచం చుట్టూ ఇద్దరు మనుషులు, మధ్యలో నేను. ఏ మాట ఎక్కడ జారిపోతుందోనని రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

ఊడుపుల రోజులు వచ్చాయి. ముసురు పట్టింది. ఒక పొద్దున నన్ను బాలింతల్ని చూసి రమ్మని పక్క ఊరికి పంపారు. ఆ పూట జరిగింది నేను తర్వాత విన్నదే. అప్పలనరసమ్మ అని, నెలలు నిండుతున్న రైతు కోడలు, అత్తతో ఎడ్లబండిలో చూపించుకోవడానికి వచ్చింది. సిస్టరమ్మ వరండాలో ఆమె కాళ్ళు నొక్కి చూసింది. వేలు నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది. చెప్పి పంపడానికి నేను లేను. తనంతట తాను లోపలికి వెళ్ళి చెప్పడానికి సిస్టరమ్మకి మనసొప్పలేదు. డాక్టరు కదా, తనే చూస్తుందిలే అనుకుంది. లోపల డాక్టరమ్మతో అప్పలనరసమ్మ తల పగిలిపోతోందనీ, కళ్ళు మసకలు కమ్ముతున్నాయనీ చెప్పింది. బీపీ చూసే మిషను పాదరసం కారిపోయి బాగుకి విజయనగరం వెళ్ళి ఉంది. కాళ్ళు సిస్టరమ్మ చూసే ఉంటుంది, వాపు ఉంటే కబురు వచ్చేదే అనుకున్నారు డాక్టరమ్మ. తలనొప్పికి మాత్ర ఇచ్చి, ఎల్లుండి మళ్ళీ రమ్మని పంపేశారు.

నేను గొడుగు మడుచుకుని తిరిగొచ్చేసరికి రోడ్డు మీద ఎడ్లబండి పరుగున వెనక్కి వస్తోంది. బండిలోంచి అత్త కేకలు.

"ఓలమ్మా, నా కోడల్ని సూడండే! కళ్ళు తేలేసినాది! కాళ్ళూ సేతులూ కొట్టేసుకుంటన్నాది!"

మేం నలుగురం కలిసి ఆమెని మంచం మీదికి చేర్చాం. సిస్టరమ్మ ఆమెని పక్కకి తిప్పి, చెంచాకి గుడ్డ చుట్టి పళ్ళ మధ్య పెట్టింది. డాక్టరమ్మ ఇంజక్షను తీస్తూనే అత్తని అడిగారు.

"కాళ్ళు ఎప్పటి నుంచి వాచాయి?"

"పొద్దున్న సిస్టరమ్మ నొక్కి సూసినాది కదమ్మా!"

డాక్టరమ్మ తలెత్తి సిస్టరమ్మ వైపు చూశారు. సిస్టరమ్మ ఆవిడ కళ్ళలోకి చూస్తూ అడిగింది. "తలనొప్పని మీతో సెప్పినాదా?"

"చెప్పింది. కళ్ళు మసకలని కూడా."

కొన్ని నెలల తర్వాత వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు నేరుగా అన్న మొదటి మాటలవి. నీరు పట్టిన కాళ్ళు ఒకరి దగ్గరా, తలనొప్పి ఒకరి దగ్గరా ఉండిపోయాయి. ఆ రెండూ కలిస్తే మూర్ఛ ముంచుకొస్తోందని గుర్తు. ఒక్కచోట చేరి ఉంటే పొద్దున్నే ఆ పిల్లని కదలనిచ్చేవారు కాదు.

"గది చీకటి చెయ్యండి సిస్టర్. చప్పుడు ఉండకూడదు" అన్నారు డాక్టరమ్మ. నేను కిటికీలకి దుప్పట్లు కట్టాను. సూది పడింది. వంకర్లు పోతున్న ఒళ్ళు మెల్లగా సర్దుకుంది. అప్పుడు ఇద్దరూ మంచానికి చెరోపక్క నిలబడి గుసగుసగా వాదించుకున్నారు. విజయనగరం పెద్దాసుపత్రికి పంపేద్దామని డాక్టరమ్మ అన్నారు.

"ఈ వానకి రోడ్డంతా గోతులమ్మా. ఆ కుదుపులకి మళ్ళీ వస్తాది."

"ఇక్కడ మళ్ళీ వస్తే నా దగ్గరున్న మందు చాలకపోవచ్చు."

"మందు పట్టినాదో నేదో ఎంతసేపట్లో తెలుస్తాది?"

"ఎక్కువసేపు పట్టదు. ఊపిరి నెమ్మదించాలి."

"అయితే జీపు గుమ్మం కాడ పెట్టించండి. ఇక్కడే సూద్దాం. ఆగకపోతే ఎల్దాం. నాను తల ఒళ్ళో ఎట్టుకుని కూసుంటాను, మీరు సూది అట్టుకుని కూసోండి."

డాక్టరమ్మ సూదిలోకి మళ్ళీ మందు తీస్తూ, "సరే, అలాగే" అన్నారు.

ఇంకోసారి మూర్ఛ వచ్చింది గానీ చిన్నదే. డాక్టరమ్మ మళ్ళీ సూది వేశారు. తర్వాత రాలేదు. జీపు గుమ్మం ముందు వానలో తడుస్తూ నిలబడే ఉంది. సాయంత్రానికి నొప్పులు వాటంతటవే మొదలై, లాంతర్లు వెలిగించే వేళకి బిడ్డ పుట్టింది. గుప్పెడంత పిల్ల. ఏడవలేదు. డాక్టరమ్మ తల్లిని వదల్లేదు, వెనక్కి తిరిగి కూడా చూడలేదు. "బిడ్డ మీదే సిస్టర్" అన్నారు. సిస్టరమ్మ రబ్బరు గొట్టంతో బిడ్డ నోట్లో జిగురు లాగేసి, వీపు రుద్ది, గుడ్డలో చుట్టి గుండెకి హత్తుకుంది. పిల్లి కూన అరిచినట్టు ఒక చిన్న చప్పుడు. మళ్ళీ ఒకటి. ఆ పైన ఏడుపే ఏడుపు. గుమ్మంలో ఉన్న అత్త నేల మీద చతికిలబడి, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా ఊగిపోయింది.

అప్పలనరసమ్మకి పూర్తిగా తెలివొచ్చింది మర్నాడు. కళ్ళు తెరిచి ముందు, "నాకు గంజి ఎడతారా?" అంది. ఆకలేసిందంటే బతికినట్టే. సిస్టరమ్మ గంజి కలపడానికి పరుగెత్తింది. ఆవిడ పరుగెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ సాయంత్రం డాక్టరమ్మ మమ్మల్ని ఇద్దర్నీ వరండాలోకి పిలిచారు. వాన వెలిసి కొండల వైపు ఆకాశం తెరిపి ఇచ్చింది. ఆవిడ మెట్టు మీద కూర్చుని, పక్కన ఖాళీ చూపించి కూర్చోమన్నారు. సిస్టరమ్మ నిలబడే ఉంది.

"నోరు మూసుకుని కూసున్నానమ్మా. నాదే తప్పు" అంది.

"తప్పులు పంచుకోవడానికి పిలవలేదు సిస్టర్. పంచుకుంటే నా వాటాయే పెద్దది. రేపటి నుంచి ఏం చేద్దామో చెప్పండి."

"రేపటి నుంచి పదిమందిలో నన్ను పొమ్మనకండి."

"అనను. మీరూ పదిమందిలో నా మాట కాదనకండి."

"తప్పనిపిస్తేనో?"

డాక్టరమ్మ ఒళ్ళో ఉన్న మరమరాల పొట్లం విప్పారు. తర్వాత అన్నారు. "తప్పనిపిస్తే కాదనండి. అందరి ముందైనా కాదనండి. కానీ నన్ను ఒగ్గేసి బయటికి పోకండి."

వదిలేసి అనకుండా ఒగ్గేసి అన్న మాట వినగానే సిస్టరమ్మ పకపకా నవ్వేసింది. పట్నంలో చదువుకొచ్చిన డాక్టరమ్మ నోట మా పల్లెల మాట రావడం ఆవిడ ఎప్పుడూ వినలేదు. వచ్చి మెట్టు మీద కూలబడింది. డాక్టరమ్మ మరమరాల పొట్లం ఆవిడ ముందుకి జరిపారు.

అప్పుడే ఆవిడ ఒక కట్టుబాటు పెట్టారు. ముగ్గురిలో ఎవరికి భయమేసినా పైకి చెప్పాలి. ఎందుకని అడగకూడదు. ముందు చెయ్యవలసింది చెయ్యాలి, తర్వాత మాట్లాడుకోవాలి. "నువ్వు కూడానమ్మా" అన్నారు నా వైపు తిరిగి. నేను తలూపాను గానీ, వాళ్ళిద్దరి మధ్య నాదొక మాటా అనుకున్నాను లోపల.

ఆ తర్వాత వాళ్ళు ప్రాణ స్నేహితులైపోయారని రాస్తే అబద్ధమవుతుంది. రోజూ పోట్లాడుకునేవారు. సూదులు ఎంతసేపు మరగాలన్న దాని మీద, కిటికీ తెరవాలా మూయాలా అన్న దాని మీద, అత్తగార్ల మీద. ఆసుపత్రిలో గోల పెరిగింది. నాకు మాత్రం కంటినిండా నిద్ర పట్టడం మొదలైంది. వాళ్ళు గట్టిగా అరుచుకుంటున్నారంటే ఏ మాటా ఎక్కడా ఆగిపోలేదని నా ధీమా. ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు డాక్టరమ్మ మా ఇద్దరి వైపూ చూసి, "ఇంకెవరికైనా ఏమైనా కనిపించిందా?" అని అడిగేవారు. అడిగి ఆగేవారు. ఆ ఆగడం నేను వేరే ఏ డాక్టరు దగ్గరా చూడలేదు.

ఆ కట్టుబాటు నా దాకా వచ్చిన రోజు చెప్పాలి. పైడమ్మ అని మూడో కాన్పు మనిషి. మధ్యాహ్నం వచ్చింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. నేను చెక్క గొట్టం కడుపు మీద పెట్టి బిడ్డ గుండె విన్నాను. మధ్యలో ఎక్కడో తడబడినట్టు అనిపించింది. సిస్టరమ్మ విన్నది. "నాకేటీ తేడా కానరానేదే" అంది. డాక్టరమ్మ విన్నారు. "బాగానే ఉంది" అన్నారు. నేను మళ్ళీ విన్నాను. మళ్ళీ అదే అనుమానం. గొట్టం కింద పెట్టేశాను.

"నాకు భయమేస్తోందండీ" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు.

డాక్టరమ్మ నన్నొక్క ప్రశ్న కూడా అడగలేదు. "జీపు తియ్యమను" అన్నారు. సిస్టరమ్మ పైడమ్మ భుజం చుట్టూ చెయ్యేసి జీపెక్కింది.

సాయంత్రం సిస్టరమ్మ మండిపడుతూ తిరిగొచ్చింది. విజయనగరంలో పైడమ్మ ఇలా మంచం ఎక్కిందట, అలా బిడ్డ పుట్టేశాడట. అక్కడి పెద్ద డాక్టరు నవ్వి, ఈ కాన్పుకి కూడా జీపు పంపిందా మీ డాక్టరు, అంత పిరికిదా అన్నాడట. వింటుంటే నేను భూమిలోకి కుంగిపోయాను. డాక్టరమ్మ అడిగింది ఒకటే.

"బిడ్డ ఏడ్చాడా?"

"ఏడవడమేటి, సగం విజయనగరానికి ఇనబడినాది!"

"మరింకేం కావాలి?" అని ఆవిడ గట్టిగా నవ్వారు. నా కళ్ళలో నీళ్ళు చూసి, "భయం తప్పయితే సంతోషించాలి గానీ ఏడుస్తారటే పిచ్చిమొహమా?" అన్నారు. జీపు డ్రైవరుని పంపి వేడి వేడి పునుగులు తెప్పించారు. తింటుండగా నా పక్కకి జరిగి, గొంతు తగ్గించి అన్నారు. "రేపు నీకు మళ్ళీ భయమేస్తే ఇవాళ్టిది గుర్తొచ్చి నోరు మూసుకుంటావేమో. నా భయమల్లా దానికే."

నేను నోరు మూసుకోలేదు. ఆ తర్వాత ఎన్నో ఆసుపత్రుల్లో పనిచేశాను. నా మాట విని విసుక్కున్నవాళ్ళున్నారు, నవ్వినవాళ్ళున్నారు. నా భయం నిజమైన రోజులూ ఉన్నాయి, ఆ తల్లులు పిల్లల్నెత్తుకుని ఇళ్ళకి వెళ్ళారు. అబద్ధమైన రోజులు ఇంకా ఎక్కువ. అలాంటి రోజున ఒక్కదాన్నే కూర్చుని పునుగులు తినేదాన్ని.

సిస్టరమ్మ చాలా ఏళ్ళ క్రితమే పోయింది. డాక్టరమ్మ చివరి దాకా మారలేదు. ఆమధ్య ఒకసారి జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇద్దరు కుర్ర డాక్టర్లు ఏదో మందు దగ్గర మాట పడక, వాదించుకోవడానికి గది బయటికి పోబోయారట. "ఇక్కడే పోట్లాడుకోండమ్మా, నేనూ వింటాను" అన్నారట ఈవిడ. మేనకోడలు చెబుతూ నవ్వింది. నేనూ నవ్వాను. అదే నేను ఆవిడ గురించి విన్న చివరి మంచి కబురు.

కళ్ళు మూసుకుంటే నాకు కనిపించేది మాత్రం విజయనగరం స్టేషను. డాక్టరమ్మకి బదిలీ అయిన రోజు. ఆవిడ రైల్లో కిటికీ పక్కన కూర్చున్నారు. సిస్టరమ్మ ఊచలు పట్టుకుని నిలబడింది. వీడ్కోలు మాటలేవీ లేవు. ఆ పొద్దున చూసిన ఒక గర్భిణి గురించి ఇద్దరూ వాదించుకుంటున్నారు.

"కవలలేనమ్మా. రెండు తలలు నా సేతికి తగిలినాయి!"

"ఒకటి తల, ఒకటి పిర్ర. ఒక్క బిడ్డే సిస్టర్!"

కూత వేసి రైలు కదిలింది. సిస్టరమ్మ ఊచలు వదలకుండా పక్కనే నడిచింది, మాట్లాడుతూనే. రైలు జోరందుకున్నాక ఆగిపోయింది. ప్లాట్‌ఫారం దాటి మలుపు తిరిగే దాకా కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి చాచి ఉంది, ఒక్క వేలు నిటారుగా పెట్టి. ఇటు సిస్టరమ్మ కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయి, చెయ్యి పైకెత్తి రెండు వేళ్ళు చూపిస్తూ నిలబడింది.